ఏడో నంబరు ఎలుగుబంటి

సెంటు సార్ నిద్రపోతే చాలు, మిగతాది మాస్టర్ చూసుకుంటాడు. పథకమంతా అంతే.

ఇరవై ఏళ్లుగా జనం మెడ మీద కత్తి పెట్టి బతుకుతున్నా, సెలూన్ మాస్టర్ ఇంతవరకు ఒకరి సొమ్ము ముట్టుకోలేదు. అందుకు నిజాయితీ కొంత కారణం. అవకాశం రాకపోవడం మిగతా కారణం. ఆ అవకాశం ఇప్పుడు ప్రతి బుధవారం మధ్యాహ్నం గుప్పున సెంటు కొడుతూ వచ్చి, కుర్చీలో వెనక్కి వాలుతోంది.

మొదటి బుధవారమే సార్ ఫోన్ తీసి చూపించాడు. తెర మీద రెక్కలున్న ఎలుగుబంటి, నెత్తిన కిరీటం.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బాగుంది సార్. మా అమ్మాయి ఇంతకన్నా బాగా గీస్తుంది."

"గీస్తుంది సరే, లైసెన్సుందా?"

"బొమ్మకి లైసెన్సేంటి సార్, అదేమన్నా లారీయా?"

సార్ జాలిగా నవ్వాడు. "కార్టూన్ కంపెనీవాళ్లు అధికారికంగా వదిలిన బొమ్మ ఇది. లోకం మొత్తానికి వందే. నాది ఏడో నంబరు. యాప్‌లో అమ్మకానికి పెడితే గంటలో తన్నుకుపోతారు. మీ షాపూ, పక్క షాపూ కలిపి కొనొచ్చు."

"ఫొటో తీసుకుని దాచుకుంటే సరిపోదా?"

"పక్కింటి కారు ముందు నిలబడి ఫొటో దిగితే కారు మనదైపోతుందా మాస్టారూ?"

ఆ రాత్రి నుంచి మాస్టర్‌కి నిద్ర లేదు.

సార్ మంచి గురువు. వారానికో పాఠం చెప్పాడు. బొమ్మని ఇంకొకరికి ఎలా పంపాలి, ఏ మీట నొక్కాలి, తెర మీద వచ్చే క్యూఆర్ గళ్ల గుర్తుని అవతలివాళ్లు తమ ఫోన్‌తో ఎలా తీసుకోవాలి, అన్నీ అడక్కుండానే విడమరిచాడు. చెప్పిన వెంటనే గురకలోకి జారిపోయేవాడు. అంత నమ్మకస్తుణ్ణి చూసి మాస్టర్‌కి జాలేసేది. జాలి ఎక్కువసేపు నిలిచేది కాదు.

షాపు వెనక గదికి చెక్క అడ్డం అప్పటికే కట్టించారు. అటువైపు మాస్టర్ భార్య ఆడవాళ్ల బ్యూటీ పార్లర్ పెట్టాలి. ఆరేళ్లు ఇంటింటికీ తిరిగి కనుబొమలు దిద్ది ఆవిడ కూడబెట్టినదంతా మొగుడి బ్యాంకు ఖాతాలో ఉంది. అక్కడైతే భద్రమని ఆవిడ నమ్మకం.

"ఏమయ్యా, అద్దాలకే సరిపోయేట్టుంది. కుర్చీల సంగతేంటి? వచ్చినవాళ్లని నిలబెట్టి ముఖం కడగనా?"

"కుర్చీలు నేను చూసుకుంటాలే."

"ఎలా చూసుకుంటావ్?"

"చెప్తే నీకు అర్థం కాదు. ఎలుగుబంటి వ్యవహారం."

ఆవిడ మొగుడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

అయిదో బుధవారం వచ్చింది. ఒక చెంప గీశాడో లేదో, గురక మొదలైంది. మాస్టర్ వేడి తువ్వాలు తెచ్చి సార్ కళ్ల మీద పరిచాడు. వీధి తలుపు దగ్గరికి వేశాడు. ఫోన్ సార్ ఒడిలోనే ఉంది. మెడకి కట్టిన గుడ్డ పైకెత్తితే, కుడిచేతి బొటనవేలు కాస్త ముందుకు చాచి, పిలిచినట్టే ఉంది. ఏం మర్యాదైన వేలు! దాన్ని ఫోన్‌కి ఆనిస్తే తెరుచుకుంది.

మాస్టర్ నేర్చుకున్న పాఠం తప్పకుండా అప్పజెప్పాడు. గళ్ల గుర్తుని తన ఫోన్‌తో తీసుకోగానే యాప్ దానంతటదే వచ్చి దిగింది. పేరు అడిగింది, ఇచ్చాడు. అమ్మితే డబ్బు ఏ ఖాతాలో వెయ్యాలంది, అదీ ఇచ్చాడు. అది చూడనా, ఇది చదవనా, ఫోన్‌లోకి రానా అని వరసగా అనుమతులు అడిగింది. ఇంత పద్ధతిగా అడిగే యాప్‌ని అనుమానిస్తే పాపం తగులుతుందని, అన్నిటికీ 'సరే' కొట్టాడు.

కిరీటం పెట్టుకున్న ఎలుగుబంటి రెక్కలాడిస్తూ వచ్చి అతని ఫోన్‌లో వాలింది.

తువ్వాలు తీసేసరికి సార్ ఒళ్లు విరుచుకున్నాడు. "మీ చేతిలో ఏదో మహిమ ఉంది మాస్టారూ. ఇక్కడ పట్టినంత నిద్ర నాకు ఇంట్లో కూడా పట్టదు."

"మీ దయ సార్," అన్నాడు మాస్టర్, రెండో చెంప గీస్తూ. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు.

మర్నాడు పొద్దున అద్దాలవాడు బండితో వచ్చి షాపు ముందు ఆగాడు. భార్య కొంగు బిగించి, ఏ అద్దం ఎక్కడో చూపిస్తోంది. "ఇతనికి డబ్బు పంపించెయ్యవయ్యా," అంది.

మాస్టర్ హుషారుగా ఫోన్ తీశాడు. ఖాతాలో ఆరేళ్ల కనుబొమల్లో ఒక్క వెంట్రుక కూడా మిగల్లేదు. ఎలుగుబంటి కూడా లేదు. యాప్ ఉండాల్సిన చోట యాప్ లేదు.

అద్దాలు దిగకుండానే బండి వెనక్కి తిరిగింది. భార్య చెక్క అడ్డానికి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టర్‌కి.

పోలీస్ స్టేషన్ దాకా నడుస్తూ కథ అల్లుకున్నాడు. ఒక గిరాకీ నా పనితనం మెచ్చుకుని బొమ్మ బహుమతిగా పంపాడు, ఆ తరవాత ఎవరో నా ఖాతా ఊడ్చేశారు. రెండుసార్లు లోపల చెప్పుకుంటే తనకే నిజమనిపించింది.

స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే పోలీసు తల ఎత్తలేదు. "ఏం పని చేస్తావ్?"

"సెలూన్ సార్. ఒక గిరాకీ నా పనితనం మెచ్చుకుని..."

పోలీసు కలం కింద పెట్టి, గోడవారన ఉన్న బల్ల చూపించాడు. మార్కెట్ సెలూనాయన, బస్టాండ్ సెలూనాయన, ఇంకా నలుగురు, కత్తిరించిన జుట్టు కోసం వెతుకుతున్నట్టు నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

"వాళ్ల పనితనం కూడా మెచ్చుకున్నాడు, వాళ్లకీ అదే ఏడో నంబరు ఎలుగుబంటి," అంటూ పోలీసు ఒక తెల్ల కాగితం ముందుకు తోశాడు, "పేరు, షాపు అడ్రసు రాసి, నీ కుర్చీలో ఎంతసేపు దొంగ గురక పెట్టాడో అది కూడా రాయి."