పందికొక్కు అరుగు

తుమ్మపూలు రాలి పసుపు చల్లినట్టుండే సన్నబాట ఒకటి అడవిలోంచి నీళ్లకుంట దాకా పోయేది. పక్కనే అడవిదున్నలు పరుగెత్తే పెద్దదారి. చిన్న ప్రాణులకు ఆ సన్నబాటే దిక్కు.

పందికొక్కు తన కలుగు తవ్విన మట్టంతా ఆ బాటకు అడ్డంగా పోసి, ఎత్తుగా అరుగు వేసుకుంది. ఓ పొద్దున కౌజుపిట్ట ఇంకా ఎగరలేని పిల్లల్ని నీళ్లకు తీసుకెళ్తోంది. అరుగెక్కలేక పిల్లలు పెద్దదారిలోకి దిగాయో లేదో, దున్న గిట్ట ఒకటి చిన్నదాని తోకను రాసుకుంటూ పోయింది. కౌజు పందికొక్కు దగ్గరికి ఉరికింది.

"కొక్కు మావా, ఈ మట్టి తీసెయ్. నా పిల్లలు నలిగిపోతారు."

"చుట్టూ తిరిగి పోవమ్మా! నా ఒక్క అరుగుతో కొంపలు మునిగాయా?" అని మీసాలు దువ్వుకుంది పందికొక్కు.

కౌజు ఇక బతిమాలలేదు. "రండర్రా!" అంటూ పిల్లలతో అరుగు కిందున్న కలుగులోకే దూరింది. గింజల గది, పడకగది దాటి అవతలి బొక్కలోంచి దర్జాగా బయటికొచ్చింది. అది చూసి వెనకాలే కప్పలు, తొండలు, ఉడుతలు దూరాయి. తాబేలైతే పడకగదిలోనే ఇరుక్కుని, "కాస్త ఊపిరి తీసుకోనీ నాయనా," అంది.

"ఇదేం దౌర్జన్యం! ఇది నా ఇల్లు!"

"కాదన్నదెవరు మావా? మా బాటను నీ ఇంట్లో కలుపుకున్నావ్. మేం మా బాటనే పోతున్నాం," అంది కౌజు.

సాయంత్రం అది కుంట నుంచి తిరిగొచ్చేసరికి, పందికొక్కు నాలుగు కాళ్లతో మట్టి తోసి బాట చదును చేస్తోంది.

"నడవండి తల్లీ, హాయిగా నడవండి. బయటినుంచే నడవండి!"