అల్లం జీడి

"అల్లం జీడి తినాలనుందిరా. బుగ్గనెట్టుకుని సప్పరిత్తాను."

మంచం పట్టాక సన్యాసమ్మ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

శ్రీరామ్మూర్తికి ప్రాణం లేచొచ్చింది. అమ్మ ఏదో ఒకటి అడిగింది, అదే పదివేలు! కాస్త కడుపులోకి పోకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు మరి.

పోర్టులో డ్యూటీ దిగుతూనే కురుపాం మార్కెట్‌కి పరుగెత్తాడు. చిన్నప్పుడు ఆ సందుల్లోనే గంట అబ్బులు జీళ్ళు అమ్మేవాడు. మెలేసిన మీసాలు, చేతిలో గంట, కంచు గొంతు. "జీడే జీడీ!" అని కేకేస్తే పిల్లలు అన్నం ముందునుంచి లేచిపోయేవారు. అల్లం వేసిన బెల్లం పాకాన్ని గుంజకి కొట్టిన మేకుకి తగిలించి లాగడం, మళ్ళీ తగిలించి లాగడం. చూడ్డానికే సగం ఊరు పోగయ్యేది. సన్యాసమ్మ కొడుక్కి ఒకటి కొనిచ్చి, సగం తనే కొరికేసేది.

ఇది ఎనభైనాలుగు డిసెంబరు. షాపుల నిండా సీసాలు, సీసాల నిండా రంగు కాగితాల చాక్లెట్లు.

"అల్లం జీళ్ళా?" షాపు తాతబాబు పకపకా నవ్వాడు. "ఏ కాలంలో ఉన్నావు బావా? ఇప్పుడవి ఎవులు తింతన్నారు?"

"పోనీ, గంట అబ్బులు ఎక్కడుంతాడు?"

"ఎప్పుడో సచ్చిపోయాడని ఇన్నాను. ఈ చాక్లెట్టు అట్టుకెల్లు, బాగుంతాది."

చాక్లెట్టు జేబులో వేసుకుని, ఉసూరుమంటూ పెందుర్తి బస్సెక్కాడు.

పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. మీసం లేదు, కండ లేదు. ఒళ్ళో మూతగిన్నె.

"పెసాదం తీసుకో బాబూ," అంటూ ఆకు పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. గొంతు బొంగురు. "మార్గశిర లచ్చివారం కదా, అమ్మోరికి పెట్టి వత్తన్నాను. ఇంటికి తిరిగి అట్టుకెల్లకూడదు, దార్లోనే పంచీయాల. అదీ నా మొక్కు."

శ్రీరామ్మూర్తి పొట్లం విప్పకుండా అలాగే పట్టుకున్నాడు.

ఆ నెలంతా ఊళ్ళో ఒకటే పుకారు. ప్రసాదం అంటూ బస్సుల్లో మత్తుమందు పెట్టి దోచేస్తున్నారట! పొద్దున్నే పెళ్ళాం గౌరీశ్వరి చెప్పి మరీ పంపింది.

"తరవాత తింతాన్లే తాతా."

"ఇంటికాడ ఎవులెవులున్నారు బాబూ?"

అదిగో, ఆరా కూడా తీస్తున్నాడు!

"ఎవులూ నేరు," అనేశాడు శ్రీరామ్మూర్తి.

ముసలాయన మూత సగం తీసిన గిన్నెని మళ్ళీ మూసేశాడు.

"పెద్దోల్లుంటే ఆల్లకీ ఇద్దునని అడిగాను. దీని రుచి ఆల్లకే తెలుత్తాది."

కంచరపాలెంలో మెల్లగా దిగి వెళ్ళిపోయాడు.

బస్సు కదలగానే శ్రీరామ్మూర్తి పొట్లాన్ని కిటికీలోంచి విసిరేశాడు. ఎంతైనా ప్రసాదం కదా, చెంపలు మాత్రం వేసుకున్నాడు. వేళ్ళకి ఏదో జిగురు అంటింది. రుమాలుతో ఎంత తుడిచినా వదల్లేదు.

ఇంటికొచ్చి చాక్లెట్టు కాగితం విప్పాడు.

"జీడి దొరకనేదమ్మా. ఇది తిను, మా తల్లివి కదూ."

సన్యాసమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది.

పోనీ గుక్కెడు మంచినీళ్ళయినా పట్టిద్దామని గ్లాసు నోటి దగ్గర పెట్టాడు. ఆమె ముక్కుపుటాలు అదిరాయి. గ్లాసు తోసేసి కొడుకు చెయ్యి పట్టుకుంది. వేళ్ళు వాసన చూసింది. నాలుకకి రాసుకుంది.

పీక్కుపోయిన ఆ మొహంలో ఎంత వెలుగు!

"దొరకనేదంటావేట్రా దొంగా! ఇది గంట అబ్బులు జీడే. అల్లం ఇంత ఘాటుగా ఇంకెవులేత్తారు? ఇయ్యాల సేసిందే ఇది, ఇంకా మెత్తగుంది. ఏదీ, ఎట్టు నోట్లో!"

నోరు తెరిచి పసిపిల్లలా ఎదురుచూస్తోంది.

చచ్చిపోయాడనుకున్న గంట అబ్బులే ఇందాక పక్కన కూర్చుని, ఇంటి దగ్గర ఎవరున్నారని అడిగితే, ఎవరూ లేరని చెప్పి వచ్చాడు శ్రీరామ్మూర్తి.