చివరింటి బిందె

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది ఇంకా రాని రోజుల కథ. ఆ రోజుల్లో ఊరికి కొత్త ఫ్యాక్టరీ వస్తే, ముందు దాని మిషన్లన్నీ ఊరి పైపు నీళ్లతో ఒక్కసారిగా తిప్పేవాళ్లు. అవి తిరుగుతుండగానే పైపు చివరింట్లో కొళాయి కింద బిందె నిండాలి. ఇంటివాళ్లు "నిండింది" అంటే ఆ ఇంటి గోడలో సర్కారు పెట్టిన మాట్లాడే యంత్రం విని పర్మిషన్ ఇచ్చేది; దాన్ని అందరూ గోడ అనే పిలిచేవాళ్లు. "నిండలేదు" అన్నారా, ఫ్యాక్టరీ వేరే నీళ్లు తెచ్చుకునేదాకా తెరవకూడదు.

ఒకసారి అట్లా ఫ్యాక్టరీ వచ్చిన ఊళ్లో చివరిల్లు ఓబులమ్మది. కూతురు శైలుకు ఆ ఫ్యాక్టరీలోనే ఉద్యోగం ఖాయమైంది. వీధంతా వాకిట్లో మూగింది.

మిషన్ల మోత మొదలైంది. కొళాయి ధార చిటికెన వేలంత అయింది, దారమంత అయింది, నీళ్లు బిందె మెడ దాకా వచ్చి ఆగిపోయాయి.

"నిండినట్టే కదక్కా, చెప్పెయ్! నా కొడుక్కీ పనుంది దాంట్లో" అన్నాడు ఎదురింటి రంగన్న.

"నీకేం రంగా, మీ ఇంట్లో బోరుంది" అంది ఓబులమ్మ. కానీ ఏళ్ల తరబడి పని దొరక్క కుమిలిన కూతురి మొహం చూడగానే ఆమె మెత్తబడింది.

"అమ్మా, బిందె నిండిందా?" అని గోడ అడిగింది.

ఓబులమ్మ "నిండిం..." అనేలోపే శైలు తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నిండలేదు" అంది గోడవైపు తిరిగి. "నేను పనికి పోతే మాయమ్మ ఇంట్లో ఏం తాగల్ల?"

మోత ఆగింది. రంగన్న కాండ్రించి ఉమ్మి వెళ్లిపోయాడు. వీధిలో ఎవరూ ఆ తల్లీబిడ్డలను పలకరించలేదు.

మీరైనా ఆ పిల్లను గుర్తుపెట్టుకోండి నాయనా, మీ పిల్లలకు ఈ కథ ఆమె పేరుతోనే చెప్పండి.