మెడ ఎవరిది?

"చావనివ్వకండి! ఏం చేస్తారో నాకు తెలీదు, వీడు మాత్రం చావకూడదు!"

జైలు ఆసుపత్రి గదిలో సూపరింటెండెంట్ కేకలు పెడుతున్నాడు. నేలమీద పడుకోబెట్టిన మనిషి ఛాతీని రెండు చేతులతో నొక్కుతున్న డాక్టరమ్మకు ఆ కేకలు వినే తీరిక లేదు. ఆ మనిషి తాపీమేస్త్రి. పొద్దున్నే సెల్లో దుప్పటి చింపి మెడకు బిగించుకున్నాడు. వార్డరు చూసి దించాడు.

మేస్త్రి దగ్గాడు. ఇంకోసారి దగ్గి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"హమ్మయ్య!" సూపరింటెండెంట్ కుర్చీలో కూలబడి చెమట తుడుచుకున్నాడు. "ఎల్లుండి వీడికి ఉరి. తలారికి కబురెళ్లింది. వీడి బరువుకి సరిపడా ఇసక బస్తా కట్టి తాడు కూడా పరీక్ష చేశాం. ఈలోపు వీడంతట వీడే చస్తే పైవాళ్లకు నేనేం చెప్పుకోవాలి?"

"బస్తాని ఉరితీశామని చెప్పండి," అంది డాక్టరమ్మ, స్టెతస్కోపు చెవుల్లోంచి తీయకుండానే.

సూపరింటెండెంట్ విననట్టు నటించి మేస్త్రి మీదకు వంగాడు. "ఏరా, చట్టాన్ని చేతుల్లోకి తీసుకుంటావా?"

"మెడ నాదే కదా సార్." మేస్త్రి గొంతు బొంగురుపోయింది. "ఒకణ్ని చంపాను. కాదనలేదు. అది నేరమన్నారు. ఇవాళ నన్ను నేను చంపుకోబోతే ఇదీ నేరమే. ఎల్లుండి మీరు చంపితే మాత్రం కాదా?"

"అది చట్టంరా!"

"నేను చంపినప్పుడు దానికి ఆ పేరు పెట్టాలని తోచలేదు సార్."

సూపరింటెండెంట్ మొహం కందగడ్డయింది. "కళ్లు తెరిచి అయిదు నిమిషాలు కాలేదు, లా పాయింట్లు లాగుతున్నాడు! వీడి మీద ఆత్మహత్యాయత్నం కేసు పెట్టిస్తా. జైలు దుప్పటి చింపినందుకు ఇంకోటి!"

డాక్టరమ్మ చప్పున తలెత్తింది.

"పెట్టించండి సార్, వదలకండి. ఇలా ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు చస్తూపోతే క్రమశిక్షణ ఏమైపోవాలి? రిపోర్టు ఇప్పుడే రాసిస్తాను."

నిలబడే రాసిచ్చింది. సూపరింటెండెంట్ దాని కింద కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి పోలీసు స్టేషనుకు పంపాడు.

సాయంత్రం జైలరు లావుపాటి రూల్సు పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సార్, కొంప మునిగింది. ఖైదీ మీద ఇంకో కేసు నడుస్తుంటే, అది తేలేదాకా ఉరి తీయకూడదట!"

సూపరింటెండెంట్ డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మీకిది ముందే తెలుసా?"

"మీరు చదవని పుస్తకం ఎవరో ఒకరు చదవాలిగా సార్," అందామె చేతులు కడుక్కుంటూ.

మర్నాడు తమ్ముణ్ని చివరిసారి చూసుకోవడానికి మేస్త్రి అక్క వచ్చింది. సంగతి విని డాక్టరమ్మ రెండు చేతులూ పట్టేసుకుంది.

"ఆ కేసు ఎన్నాళ్లు నడుస్తుందమ్మా?"

"మన కోర్టుల సంగతి తెలీదా? అప్పీళ్లూ గట్రా కలుపుకుంటే పదేళ్లు."

"మీ నోట్లో పంచదార పొయ్య! ఆ కోర్టులు ఎప్పుడూ అలాగే ఉండాలమ్మా," అంది అక్క, ఏడుస్తూ నవ్వుతూ.

ఆ జైల్లో జ్వరం బిళ్ల కావాలని రాస్తే నెలకి వస్తుంది. ఈ కేసు మాత్రం నాలుగో రోజుకే మేజిస్ట్రేటు ముందుకు వచ్చింది.

డాక్టరమ్మ బోనెక్కి తడుముకోకుండా సాక్ష్యం చెప్పింది. "నా కళ్లారా చూశానండీ. మెడ మీద చార ఇంకా ఉంది. చాలా ఘోరమైన నేరం. ఎన్నాళ్లయినా సరే, పూర్తిగా విచారించి శిక్ష వేయాల్సిందే."

ఎదుటి బోనులో మేస్త్రి నవ్వు దాచుకోవడానికి తల వంచుకున్నాడు. వెనక బెంచీలో కూర్చున్న అక్క, తమ్ముణ్ని ఎవరో మెచ్చుకుంటున్నట్టు ఒక్కో మాటకీ తలూపుతోంది.

అప్పుడు ప్రభుత్వ న్యాయవాది లేచాడు. నల్ల గౌను సర్దుకున్నాడు. గొంతులోకి దయ తెచ్చుకున్నాడు.

"అయ్యా, ఒక మనిషి విసిగిపోయి ప్రాణం తీసుకోబోయాడంటే అతనికి కావలసింది శిక్ష కాదు, జాలి. ప్రతి ప్రాణమూ అమూల్యమేనని ప్రభుత్వం నమ్ముతోంది. అందుచేత మానవతా దృక్పథంతో ఈ కేసును ఉపసంహరించుకుంటున్నాం."

"మరి దుప్పటి?" మేజిస్ట్రేటు అడిగాడు.

"అదీ క్షమించేశామండీ."

"మంచిది. ముద్దాయి మీద ఇక ఏ కేసూ పెండింగులో లేదు." మేజిస్ట్రేటు సంతకం పెట్టి, తర్వాతి ఫైలు అందుకున్నాడు.

డాక్టరమ్మ బోను కర్రను గట్టిగా పట్టుకుంది. బోనులో మేస్త్రి తలెత్తలేదు. అతని నవ్వు మాత్రం ఆగిపోయింది.

అక్కకు ఆ మాటల్లో అర్థమైనవి రెండే. క్షమించారు. ఏ కేసూ లేదు. బెంచీలు తోసుకుంటూ ముందుకొచ్చి, ముందు వరసలో కూర్చున్న సూపరింటెండెంట్‌కు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"చల్లగా ఉండండి బాబూ! మా తమ్ముణ్ని ఎప్పుడు పంపిస్తారు?"

సూపరింటెండెంట్ ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున ఆరింటికమ్మా."