మూడోసారి చాపిన చెయ్యి

దోహా ఎయిర్‌పోర్టు బయట కారెక్కి కూర్చోగానే సుధాకరరావు మాస్టారికి జేబులో ఏదో గుచ్చుకుంది.

తీసి చూశాడు. అరచెయ్యంత ఇత్తడి తాళంచెవి.

"ఖర్మ! ఇది కూడా నా వెంటే వచ్చింది!"

"ఏంది సారూ, చైనాల ఇల్లు గిట్ల కొన్నరా?" అన్నాడు డ్రైవరు తిరుమల్.

జగిత్యాల నోరు. ఊరుకోదు.

"నీకేం, నవ్వుతావు! నెల్లాళ్ళు ఆ ఉత్తరం కొసన పిల్లలకి ఇంగ్లీషు చెప్పి ప్రాణాలతో బయటపడ్డాను. ఎంత చలనుకున్నావు? తుమ్మితే గోలీలు రాలి పడేవి!"

"అవ్వ! మరి పోరగాండ్లు ఆడుకున్నరా?"

మాస్టారు విసుగ్గా విడిచిన ఊపిరికి కారు అద్దాలు ఆవిరి పట్టాయంటే నమ్మాలి మరి. ఆయన్ను వేపుకు తిన్నది చలి కాదు.

"స్కూలువాళ్ళు ఇల్లిచ్చారు. కింద నిప్పు రాజేసే ఇటుకల మంచం. హాయిగా పడుకుందామంటే, గేటు పక్క గదిలో ఒక ముసలి నాతూర్!"

"మన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ విల్లాల గేటు కాడ కాపలా ఉంటడు, గసొంటోడా?"

"అంతకంటే మొండి! తెల్లారకుండా తలుపు బాదేవాడు, మంచం కింద బొగ్గు వెయ్యాలని. టోపీ లేకుండా బయటికెళ్తే వెనకే పరుగు. చన్నీళ్ళు తాగబోతే గ్లాసు లాక్కుని వేణ్ణీళ్ళు. మా అత్తగారు కూడా నన్నింత కాపలా కాయలేదయ్యా!"

"వచ్చేటప్పుడన్న మంచిగ సాగనంపిండా?"

"అదింకో తంటా. తాళం వేసి వస్తుంటే చెయ్యి చాపాడు. కరచాలనం చేశాను. మళ్ళీ చాపాడు. మళ్ళీ చేశాను. మూడోసారి చాపితే దండం పెట్టి కారెక్కేశాను!"

తిరుమల్ అద్దంలోంచి ఆ తాళంచెవి వంక చూశాడు.

"సారూ... ఆయన చెయ్యి గందుకు చాపలేదేమో."

అంతలో ఫోను మోగింది. చైనా స్కూలు మేడమ్.

"సార్, ఇంటి తాళంచెవి మీ దగ్గరుందా? ఉన్నది అదొక్కటే."

"క్షమించండి మేడమ్, ఇవాళే కొరియర్లో పంపిస్తాను. అంతవరకూ ఆగలేకపోతే తాళం పగలగొట్టించండి."

"ఇంటి యజమాని ఒప్పుకోవడం లేదు. అతిథి వేసిన తాళం పగలగొట్టకూడదట. ఇక్కడ చలి ఇంకా ముదిరింది, అయినా వినడు."

మాస్టారి మనసు కరిగింది.

"ఎంత పెద్దమనిషి! ఆయనింట్లో ఉండి కూడా ఒక్కసారి ముఖం చూడలేకపోయాను. అడ్రసు చెప్పండి, ఆయన చేతికే అందాలి. ఆ గేటు దగ్గర ముసలాడికి మాత్రం ఇవ్వకండి."



"గేటు పక్క గదికే పంపండి సార్," అంది మేడమ్ మెల్లగా. "మీరొచ్చిన రోజున, ఉన్న ఒక్క వెచ్చని మంచం మీకు వదిలేసి, పక్కబట్టలు చంకన పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళింది ఇంటాయనే."