ఊడదీసిన డిస్కు

కంప్యూటర్ ఆన్ కావడం లేదు. నా నాలుగేళ్ల థీసిస్ అందులోనే ఉంది. రేపు పొద్దున పదింటికి ఇచ్చేయాలి.

చీకటి పడ్డాక వదిన పనిముట్ల సంచితో వచ్చింది. మిగతా మెకానిక్కులు చేతులెత్తేసిన మిషన్లన్నీ చివరికి ఆమె దగ్గరికే చేరతాయి.

“ఇంకో కాపీ ఎక్కడుంది?”

“లేదు వదినా.”

“బంగారం. పెద్ద చదువులు చదివావు మరి.”

ముందుగా థీసిస్ ఉన్న హార్డ్ డిస్కును ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. ఎంత చిన్న రిపేరైనా ఆమె పద్ధతి అదే. తర్వాత ర్యామ్ తీసి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించి బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. తెర వెలిగింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

తెర మీద నా థీసిస్ చివరి పేజీ తెరుచుకుంది. అందులో అక్షరాలు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి.

“డిస్కు ఎప్పుడు పెట్టావు వదినా?”

“పెట్టలేదు.”

ఒళ్లోని డిస్కును ఆమె చెవికి ఆనించుకుంది. నాకూ వినపడింది. ఏ వైరూ లేకుండానే అది లోపల గిర్రున తిరుగుతోంది.

వదిన మౌస్ అందుకుంది. తెర మీద మొదటి పేజీకి వెళ్లింది.

“ఫోన్ తియ్యి. అది వెనక నుంచి చెరుపుకుంటూ వస్తోంది. మనం ముందు నుంచి ఫొటోలు తీసుకుంటూ వెళ్దాం.”