చేతికి అప్పగించాకే

"ఫోన్ ముట్టుకున్నావంటే ఉద్యోగం ఊడుతుంది లోర్నా! బస్సు కెమెరాలో అన్నీ కనిపిస్తున్నాయి నాకు." వైర్‌లెస్‌లో డిపో మేనేజర్ గ్రేమ్ గొంతు గరగరలాడింది.

లోర్నా స్టీరింగ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. చొక్కా జేబులో ఫోన్ మాత్రం మోగి ఆగి, మళ్లీ మోగుతోంది. చేస్తున్నది యోలాండే. అయినవాళ్ల దగ్గర ఉండే వీల్లేని పిల్లలకు తాత్కాలికంగా వేరే ఇల్లు చూసిపెట్టే ఆఫీసు ఆమెది. ఏడాది పాటు శిక్షణలూ, ఇంటి తనిఖీలూ అయ్యాక మొన్ననే లోర్నాను పెంపుడు తల్లిగా ఒప్పుకున్నారు. "పిలుపు ఎప్పుడొస్తుందో చెప్పలేం. నువ్వు ఎత్తకపోతే తర్వాతి ఇంటికి చేస్తాను, ఏమనుకోకు" అని యోలాండ ముందే చెప్పింది.

"శిక్షణ అంటూ సెలవుల మీద సెలవులు పెట్టావు" గ్రేమ్ వదల్లేదు. "బస్సు నడుపుతావో, ఊళ్లో పిల్లల్ని సాకుతావో తేల్చుకో. రెండు పడవల మీద కాళ్లేస్తే మునిగేది నువ్వే తల్లీ!"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. జీతం లేకపోతే పిల్లను ఇవ్వరు, జీతమేమో ఫోన్ ఎత్తనివ్వదు. లోర్నాకు ఒళ్లు మండిపోయింది.

ఆపిల్ తోటల వెంట బడిపిల్లలు ఒక్కొక్కరే దిగిపోయారు. ఆఖరి స్టాపుకు ఒకటో తరగతి మార్నీ ఒక్కతే మిగిలింది.

"రోజూ పాటలు పాడతావుగా మిస్, ఇవాళ మూతి ముడుచుకున్నావేం?"

"గొంతు నొప్పి బంగారూ."

ఎర్ర గేటు దగ్గర బస్సు ఆగింది. రోజూ కుక్కతో సహా నిలబడే నానమ్మ, మార్నీకి ఉన్న ఒకే దిక్కు, ఇవాళ లేదు. హారన్ కొట్టినా ఎవరూ రాలేదు. చిన్నపిల్లల్ని పెద్దవాళ్ల చేతికి అప్పగించాకే బస్సు కదలాలి.

"ఎక్కడ చచ్చావ్?" మళ్లీ గ్రేమ్. "చేపల ఫ్యాక్టరీ వాళ్లు షిఫ్టు దిగి బస్సు కోసం నా ప్రాణం తీస్తున్నారు!"

"మార్నీ వాళ్ల నానమ్మ రాలేదు."

"గేటు లోపలికి పంపేసి వచ్చెయ్. ముసలావిడ ఎక్కడికి పోతుంది, పెరట్లో ఉండుంటుంది."

"పంపను."

"అయితే రేపట్నుంచి నువ్వూ రాకు!"

లోర్నా ఇంజన్ ఆపేసింది. ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఎత్తింది.

"హమ్మయ్య, దొరికావు!" అంది యోలాండ. "ఒక పాప ఉంది. పెంచేవాళ్లు ఉన్నట్టుండి ఆసుపత్రిలో చేరారు. పేరూ ఊరూ నువ్వు సరేనన్నాకే చెప్పాలి, మా రూలు తెలుసుగా. వెంటనే ఆఫీసుకు రా, కలిసి వెళ్లి తెచ్చుకుందాం."

"కాస్త ఆగలేవా?"

"ఆగలేను లోర్నా. తర్వాతి ఇంటివాళ్లు రెడీగా ఉన్నారు. వస్తావా, రావా?"

లోర్నా అద్దంలోకి చూసింది. మార్నీ కిటికీకి ముక్కు ఆనించి, గేటు వంకే చూస్తోంది. ఏడుపు ఆపుకుంటున్నట్టుంది. ఏడాదిగా సర్ది పెట్టిన చిన్న గది లోర్నాకు గుర్తొచ్చింది.

"రాలేను" అంది. "నా బస్సులో ఓ పిల్ల ఉంది. దీనికోసం ఎవరూ రాలేదు. దీన్ని రోడ్డు మీద వదిలేసి ఇంకో పిల్ల కోసం పరిగెత్తితే నేనేం తల్లిని? ఆ ఇంటివాళ్లకే ఇచ్చెయ్."

అవతల యోలాండ కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"ఎక్కడున్నావు?"

"తోటల చివర, ఎర్ర గేటు దగ్గర. నానమ్మ కోసం చూస్తున్నాం."

"బస్సు దిగి మాట్లాడు. పాపకు వినబడకూడదు."

లోర్నా దిగి తలుపు పక్కన నిలబడింది. "ఊఁ, చెప్పు."

"నేనడిగింది నీ బస్సులో ఉన్న పాప గురించే."